చిలకలపూడి నలుపు

కుర్రాడు గుడ్డసంచిలోంచి ప్లేటు తీసి
"ఒరిజినలేనా, చూసి చెప్పండి" అన్నాడు.
ఆదివారం పేవ్‌మెంటు మీద పదిహేనొందలు పోసి కొన్నాడట.
గవర్నర్‌పేటలో రేడియో కొట్లు ఒక్కొక్కటే సెల్‌ఫోన్ కొట్లయ్యాక
ఇలాంటివాళ్లు నా దగ్గరికే వస్తున్నారు.

ముందు అట్ట చూడను.
అట్ట అబద్ధమాడుతుంది, అది దాని ఉద్యోగం.
రెండు అరచేతుల మధ్య అంచులు పట్టి తూచాను.
తేలిక.
ట్యూబులైటు కింద వంచాను:
అసలు నలుపులో వెలుగు తీగలా నిలబడుతుంది,
ఇందులో పెనం మీద నూనెలా చెదిరింది.
నడిమి కాగితం చూడు, అన్నాను.
కంపెనీ ప్రెస్సులో కాగితం, ప్లేటు ఒకే వేడిలో పుడతాయి,
గోరు పెట్టి లాగినా లేవదు.
దీనిది మైదా జిగురు. బొద్దింక కొరికిన గాటు కూడా ఉంది.
ఎరుపులో సన్నటి చుక్కలు, ఫొటోకి ఫొటో తీసిన ఎరుపు.
చిల్లు ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగింది,
తిరిగితే గొంతు తాగినవాడిలా ఊగుతుంది.
ఇక పాట అయిపోయాక మిగిలే ఖాళీ వలయంలో
కంపెనీవాడు చేత్తో చెక్కిన అంకె.
ఉంది. ఉందిగానీ
నాలుగు స్నానాలు దాటిన సబ్బుబిళ్ల మీద పేరులా ఉంది.

ఇది నాంచారయ్య పని.
చిలకలపూడిలో గిల్టు నగలకి పూత పోసిన చెయ్యి.
ఇత్తడి గాజుకి బంగారం ఎక్కించినవాడికి
నల్ల ప్లేటుకి వెండి ఎక్కించడం ఒక లెక్కా?
ఆటోనగర్‌లో, పాత టైర్లకి రీట్రెడింగ్ చేసే షెడ్డు వెనక,
ప్లేటుని కుంకుడురసంతో కడిగి
వెండినీళ్లు చల్లి
నికెల్ తొట్టిలో రెండు రాత్రులు ముంచి ఉంచేవాడు.
కరెంటు పోతే అతను తిట్టే తిట్లకి వీధికుక్కలు లేచేవి.
మూడోనాడు పెంకు ఊడదీస్తే
గాడి ఉన్నచోట గట్టు, గట్టు ఉన్నచోట గాడి,
బోర్లా పడుకున్న పాట. అదే అచ్చు.
కింద పగిలిన ప్లేట్లూ తెగిన చెప్పులూ కరిగించిన ముద్ద,
పైన టైర్ల ప్రెస్సు.
నొక్కితే అప్పడం.

"మీకెలా తెలుసండీ ఇదంతా?"

పదకొండేళ్లు నాకు. తొట్టి పక్కనే నిలబడ్డాను.
మా ఇంటి హరికథ ప్లేటు
నాలుగు రోజులకి, అరవై రూపాయలకి
నాన్న అద్దెకిచ్చింది, అందులో మునిగింది.
పెంకుతోపాటు ప్లేటు పొర కూడా లేచి వచ్చిందని
నాంచారయ్య ఇంకో నలభై కలిపి చేతిలో పెట్టి
నాన్న మొహం చూడకుండా తొట్టి కడుక్కున్నాడు.

ఇవన్నీ చెబుతూనే ముల్లు దించాను.
హరిదాసు గొంతు సవరించుకున్నాడు. చిడతలు.
జనం నవ్వబోయే ముందు
టిక్.
చుట్టు తిరిగి, టిక్.
ఇంకో చుట్టు, టిక్.

ఆపాను. దీపం దగ్గరికి తెచ్చి గోరు పెట్టాను.
కంటికి గీత ఉంది. గోటికి లేదు.
గీసినప్పుడు లేచిన గరుకు అక్కడే, మా ప్లేటు మీదే ఉండిపోయింది,
నునుపు మాత్రం ఇక్కడికి వచ్చింది.
ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ వంకర తిరుగుతుందో
కళ్లు మూసుకుని చెప్పగలను.
అక్క జడపిన్ను అది.

"నకిలీ" అన్నాను కుర్రాడితో. "నూటయాభై కూడా దండగ."
పదిహేనొందలూ నేనే ఇచ్చి ఉంచుకున్నాను.
నన్నూ ప్లేటునీ మార్చి మార్చి చూసి
ఖాళీ సంచి మడుచుకుని వెళ్లాడు.

రాత్రి తెనాలికి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా
సెల్లు స్పీకరు పక్కన పెట్టాను.
హరిదాసు. చిడతలు.
టిక్. టిక్. టిక్.
అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడే.
తర్వాత అక్క అంది:
"జడపిన్నుతో గీసింది నువ్వు. తన్నులు తిన్నది నేను."
కాదన్నాను. ఒట్టేశాను.
"ఏదీ, మళ్లీ పెట్టు" అంది.