ఊ కొట్టే మనిషి

బాదేపల్లి మార్కెట్ల ముప్పై రెండేండ్లు దడువాయి.
కాంట మీద పల్లికాయ బస్త పడితే
లాభం, రెండు, మూడు అని లెక్క పాడినోడు.
పావుకిల తరుగు కాడ సేటుతోని
పొద్దుమూకేదాక కొట్లాడినోడు.
నా కూరల ఉప్పుతోని సుత.

గసొంటి మనిషి నిరుటి ఎండకాలం సంది
ఏమన్నా ఊ అంటుండు.

"నీ పెనిమిటి ముసలితనానికి బంగారమైండు" అని
పక్కింటి నాగమణెమ్మ మెచ్చుకున్నది.
నేను సుత మురిసిన, అబద్ధమెందుకు.

కోడలు "బియ్యం ఒడిసినయ్" అన్నది. ఊ.
మనుమడు "తాతా, ఒళ్లు కాలుతున్నది" అన్నడు. ఊ.
ఆ రెండో ఊ కాడ నాకు గుబులైంది.

గడపల కూసోని గడ్డం గీసుకుంటుంటే
ఎన్క నిలవడ్డ,
అద్దంల నా పెదువులు కండ్లవడకుంట జరిగి.
"నీ బాట్లన్ని పాతసామానోనికి ఏసిన."
ఊ.

గప్పుడు, యాభై ఏండ్లల్ల నా నోట రాని మాట,
ఓట్ల లిస్టోడు అడిగితే పిల్లగానితోని చెప్పిచ్చిన మాట,
ఆయన పేరు,
మెల్లగ పిలిచిన:
ఆశన్న.

గిర్రున తిరిగిండు.
"సిగ్గులేదా, మొగుణ్ణి వట్టుకొని అన్న అంటవ్?"

నవ్విన.
నవ్వు సగంల యాడనో తెగిపోయింది.

పాలమూరు దవాఖానల అద్దాల అర్రల కూసుండవెట్టిండ్రు.
కూత ఇనబడితే బటన్ వత్తుమన్నది పిల్ల.
ఆమె చెయ్యి దిక్కు సూసుకుంట వత్తుతుండు,
తూకంల ఒక్కనాడు దొంగతనం ఎర్గనోడు.
నేనే చెప్పిన. కుర్చి తిప్పిచ్చింది.

కాగితం మీద గీత
కొంతదూరం చదునుగ పోయి
మన్యంకొండ దిగినట్టు దిగింది.
"దొడ్డు చప్పుళ్లు అందుతున్నయవ్వా.
సన్నయే పోతున్నయ్. స, శ, త, ఫ.
వయసుతోని వొచ్చేదే. ముందుగాల్నే తెలిసింది, మంచిదైంది."

జల్లెడ పని గదా అది,
సన్నయి రాలుతయ్, దొడ్డుయి నిలుస్తయ్.
ఏడాది పొడుగున నేను మంచితనం అని తూచుకున్నది
ఉత్త పల్లిపొట్టు.

మిషను చెవుల వెట్టి సూపిచ్చిండ్రు.
"ఆ పంక ఎవలన్న ఆపుండ్రి" అన్నడు మొదలు.
ఆయెన్క రేటు అడిగి పిల్లతోని కొట్లాట.
ఆయెన్క బస్సుల కిటికి సీటు కాడ నాతోని.

జడ్చర్ల దాక కొట్లాడుకుంటనే వొచ్చినం.

ఆ పేరు ఇగ మల్ల పిలుస్తనా?
ఇనబడతది గదా.