అంకీసలో మర్చిపోయిన డబ్బీ

చెన్నూరు బస్సు ప్రాణహిత వంతెన ఎక్కంగనే
ఫోను నాకు రెండుసార్లు స్వాగతం చెప్తది,
రెండు రాష్ట్రాల పేర్లతోటి, అర నిమిషం తేడాతోటి.
సిరొంచల దిగి
అంకీస ఆటోల మిరప సంచుల మీద కూసున్న.
బ్యాగుల లాప్‌టాప్, తీగలు కొరికే కటారు,
అంగీ జేబుల తంబాకు డబ్బీ అంత వైఫై పెట్టె.
ఎంత చిన్నదంటే
నాకా కాడ తీసి చూపిస్తే
జవాను మూత కోసం వెతికిండు.

పంచాయతి ఆఫీసు గోడకు ఇనుప బీరువా.
బీరువాల స్విచ్చు, స్విచ్చుకు ఇరవై నాలుగు నోర్లు.
తాళంచెవి ఆలాపల్లి ఇంజనీరు కాడ,
ఇంజనీరు నాగపూర్ల పెండ్లి కాడ.
కింది సందుల నుంచి ఒక్క తీగ మాత్రం
గొర్రెతోక తీరు వేలాడుతున్నది.
నాకది చాలు.

తీగను డబ్బీకి గుచ్చిన.
పవర్ బ్యాంకును రబ్బరుతోటి కట్టిన.
నీలం దీపం తన్నుకులాడి, తన్నుకులాడి, నిలబడ్డది.

ఇంతకు ముందైతే
మూరెడు తాడుకు కట్టేసిన మేక లెక్క
ఆ బీరువా పక్కనే గొంతుక్కూసునేటోన్ని,
మోకాళ్ళ మీద లాప్‌టాప్, మెడ మీద ఈగలు.
ఇయ్యాల లచ్చుబాయి హోటలు దాక నడిచిపోయిన.
చాయ్ తాగుకుంటనే
తాళం లోపలి స్విచ్చుకు కొత్త చిరునామా రాసిన,
మూగబోయిన పోర్టును లేపిన,
తహసీలు కంప్యూటర్ను పిలిచి పిలిచి
నాలుగో పిలుపుకు ఓ అనిపించిన.

"గాలిల రాస్తున్నవా ఏంది బిడ్డా?"
"గోడ లోపల్నే రాస్తున్న పెద్దమ్మా. గాలి మోస్తది, గంతే."
ఆమె చాయ్ గిన్నె మీద మూత పెట్టింది.

తునికాకు బోనసు జాబితా అప్పుడు దిగింది.
పేర్లు మరాఠీల,
చదివి చెప్పుడు తెలుగుల,
తల ఊపుడు మాడియాల.
ఒకామె తన పేరు మూడుసార్లు చదివించుకున్నది,
మూడుసార్లూ కొత్తగ విన్నది.

నాలుగున్నరకు ఆటో హారను. ఉరికిన.
వంతెన మీద అంగీ జేబు తడుముకుంటే
చదునుగ ఉన్నది.

తొమ్మిది దినాలకు మళ్ల పోయిన.
పవర్ బ్యాంకు ఎప్పుడో సచ్చింది.
శిపాయి మొండయ్య
తన ఫోను చార్జరు త్యాగం చేసిండు.
కప్పు కారుతదని
సగం కోసిన నూనె డబ్బా బోర్లించిండు దాని మీద.
పాస్‌వర్డా?
అది డబ్బీ వీపు మీదనే ఉంటది, పచ్చబొట్టు తీరు.

పేజీ తెరిచి చూస్తే పదిహేడు పేర్లు.
సడ్మెక్ శాంత ఫోను.
ఆశాబాయి ట్యాబు.
టైలర్ ఎల్లం రెండు ఫోన్లు, రెండో దాని సంగతి ఆయన ఇంట్ల తెల్వదట.
ఒక యంత్రానికి పేరు లేదు, పన్నెండు గుర్తులు మాత్రమే.
రాత్రి రెండింటికి వస్తది, నాలుగింటికి పోతది.
ఎవరిదని అడిగితే
లచ్చుబాయి పొయ్యి దిక్కు తిరిగింది.
ఇంక అడగలె.

పీకెయ్యాలె. అది నా కొలువు.
నూనె డబ్బా లేపిన.
పెట్టె వెచ్చగ ఉన్నది,
కోడి అప్పుడే లేచిపోయిన గుడ్డు లెక్క.
కొంచెంసేపు అరచేతిల పట్టుకున్న.
మొండయ్య ఏం మాట్లాడలె,
చీపురుతోటి ఊడ్చిన చోటునే ఊడ్చుకుంట నిలబడ్డడు.

కంపెనీ ఫారం మీద
కారణం గడిల రాసిన: ప్రాణహితల జారి పడ్డది.
రెండు వేల ఒక వంద, మూడు వాయిదాల కోత.

సూపర్వైజరు ఫోను చేసిండు.
"నదిల పడ్డదాని దీపం
నాకు ఇక్కడ ఇంకా పచ్చగ కనపడుతున్నదేందిర?"

"నీళ్ళు తక్కువున్నయి సార్" అన్న,
"ఎండకాలం కద."