మూడో కూతురి జల్లెడ

కోట గోడ మీద ఉప్పు పొలుసులు.
తెల్లారి ఆరింటికే గొయ్యిలోకి దిగుతాం.
ఎండెక్కితే మట్టి తన రంగు చెప్పదు,
ఎరుపూ గోధుమా ఒకటైపోతాయి.

ఘానా తీరం. పై వరసలో
డెన్మార్క్ వాళ్లు ఓడ అడుగున బరువు కోసం
పోసుకొచ్చిన పసుపు ఇటుకలు.
కింద, ఆల్చిప్పలు కాల్చిన సున్నం.
ఇంకా కింద, వంటింటి చెత్త.
పై అంతస్తులో భోంచేసినవాళ్లు
ఎముకలు ఇటు విసిరారు.

జల్లెడ పట్టే ఆమె పేరు మాకు.
వాళ్ల దాంగ్మె భాషలో
మూడో ఆడపిల్లకు పెట్టే పేరు.
మొదటిరోజు విని నవ్వాను,
ఎందుకో చెప్పాల్సి వచ్చింది:
మా భాషలో 'మనకు' అంటే నువ్వూ ఉన్నావు,
'మాకు' అంటే నువ్వు లేవు.
"తెలివైన భాషే" అంది. జల్లెడ ఆపలేదు.

పొగాకు గొట్టం ముక్క, జిన్ను సీసా మెడ,
గురిగింజంత సీసపు గుండు.
హోల్గర్ గారు ఒక్కోదాన్నీ
పసిబిడ్డ మూతి తుడిచినట్టు తుడిచి
సంచిలో వేసి నంబరు రాస్తారు.

పదకొండింటికి ఒక పెంకు వచ్చింది.
కుండ అంచు. లోపలివైపు నల్లగా గట్టిపడ్డ పొర:
అడుగంటిన జావ పైదాకా పొంగి మాడింది.
రెండొందల ఏళ్ల కిందట
ఎవరో తిట్లు తిన్న పూట.
"స్థానికం, మామూలుది" అంటూ ఆయన
మామూలువాటి బుట్ట చూపించారు.

మాకు అందులో వెయ్యలేదు.
అంచు కింద వరసగా బొటనవేలి నొక్కులు.
వాళ్లమ్మమ్మ కుండకూ ఇవే ఉండేవట.
తన బొటనవేలు పెట్టి చూసింది, పట్టలేదు.
చిటికెనవేలు పట్టింది.
"చిన్నపిల్ల" అంది, "ఎనిమిదో తొమ్మిదో.
ఇదిగో, ఇక్కడ విసుగొచ్చింది,
చివరి నాలుగూ గబగబా నొక్కేసింది."

నేలమాళిగ అవతలి తలుపులోంచి
సముద్రం వినిపిస్తూనే ఉంది.
ఆ తలుపు వెడల్పు ఒక మనిషి,
అదీ పక్కకు తిరిగితే.
ఆ పిల్ల అటు నడిచిందో
చీకటిపడే ముందు ఇల్లు చేరిందో
పెంకులో లేదు.

రిజిస్టరు నా దగ్గర ఉంటుంది.
వస్తువు: కుండ పెంకు.
లోతు: మీటరూ నలభై.
ఎవరికి దొరికింది: మాకు.
చెయ్యి అలవాటుకొద్దీ తెలుగులో రాసింది.
వ్యాకరణం ప్రకారం చివర ఇంకో 'కు' ఉండాలి.
చేర్చబోయి ఆగాను.

పడవలొచ్చే వేళయింది, చేపలకు పొగ పెట్టాలి.
ఆమె చేతులు దులుపుకుని లేచింది.
పెంకును ఏ బుట్టలోనూ వెయ్యకుండా
జల్లెడ చెక్క మీద, నొక్కులు ఎండవైపు ఉండేలా,
నిలబెట్టి పోయింది.