ముప్పై ఏడో పుట

బండిని కిలోల లెక్కన కొన్నాను
కంచరపాలెం గేటు దాటాక, ఇనప సామాన్ల కొట్లో.
నూట ముప్పై రెండు కిలోలు.
కాటా మీద నిలబెడుతూ అసిరయ్య అన్నాడు:
"తుప్పుక్కూడా రేటు పడతాది మరి, తెలుసునా?"

ఎండిన నేరేడు తొక్క రంగు ట్యాంకు.
కిక్కు కొట్టే కడ్డీయే మడిస్తే గేరు కడ్డీ అయ్యే
పాత జావా.
మైసూరులో పుట్టింది.
దాంతోపాటు పుట్టిన పుస్తకం ఏ ఊళ్ళో పోయిందో.

పుస్తకం లేకుండా విప్పకన్నారు.
విప్పాను.
దుప్పటి పరిచి, తీసిన వరసలోనే
నట్టు పక్కన నట్టు, వాషరు పక్కన వాషరు.
రాత్రి పిల్లి వచ్చి ఆ వరసంతా చదివి వెళ్ళింది.
తెల్లారేసరికి
ఏ నట్టు ఏ బోల్టుకి మొగుడో ఎవరికీ తెలీదు.

ఇక తిరుగుడు.
పూర్ణా మార్కెట్ వెనక పాత పేపర్ల కొట్లలో
పడవ ఇంజన్ల పుస్తకాలున్నాయి,
కుట్టుమిషన్‌ది ఉంది, నీళ్ళ పంపుది ఉంది.
అల్లిపురంలో ఒక ఆదివారం లాంబ్రెటాది దొరికింది,
ఆకలేసినవాడికి దువ్వెన దొరికినట్టు.

లాసన్స్ బే కాలనీలో ఒకాయన దగ్గర నిజంగానే ఉంది.
బీరువాలో, ప్లాస్టిక్ కవర్లో.
చూపించాడు, తాకనివ్వలేదు.
ఆ పుస్తకం మీద ఒక్క నూనె మరక లేదు.
ఆయన బండి మీదా లేదు.
హాల్లో సోఫా పక్కన నిలబడి ఉంది,
పెట్రోలు రుచి మర్చిపోయి.

జ్ఞానాపురం, చర్చి వెనక సందు.
జేవియర్ మేస్త్రీ పోయి పదకొండేళ్ళట.
రోజలినమ్మ బియ్యం డబ్బా కింద
ఎత్తుకి పెట్టిన పుస్తకాన్ని కాలి వేలితో చూపించింది.
"అది లాగితే డబ్బా ఒరిగిపోతాది నాయనా.
ఇటిక తెచ్చి పెట్టి పట్టుకెళ్ళు."
రెండు తెచ్చాను.

హుద్‌హుద్ నాటి నీటి మరక
ప్రతి పుటలోనూ ఒకే ఎత్తున, ఒడ్డు గీతలా.
అట్ట మీద నల్లటి బొటనవేలు. లోపల మళ్ళీ అదే వేలు.
ఆయన ఎక్కడెక్కడ ఆగాడో ముద్రలే చెబుతున్నాయి:
కార్బురేటర్ దగ్గర చాలాసేపు,
ముందుమాట దగ్గర అసలు లేదు.

ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం, బొమ్మలు చదివాను.
ఇంజన్ ముక్కలన్నీ గాల్లో తేలుతున్నాయి,
పేలుడు మధ్యలో ఎవరో "ఆగు" అన్నట్టు,
ప్రతి ముక్కా తన గీత మీద నిలబడి
తను వెళ్ళాల్సిన చోటే చూస్తూ.

ముప్పై ఏడో పుట.
పాయింట్ల మధ్య ఎడం సున్నా దశాంశం నాలుగు మిల్లీమీటర్లని అచ్చు.
పక్కన పెన్సిల్‌తో, తెలుగులో:
"ఇది రాసినోడు సల్లటి దేశంలో కూకుని రాసేడు.
మన హార్బరు గాలి ఆడికి తెల్దు.
ఉప్పు పట్టేసుంటాది. ముందు తుడు.
తర్వాతే కొల్సు."
కింద ఇంకో రోజు, ఇంకాస్త మొద్దు పెన్సిల్:
"కొల్సేవా? మళ్ళీ తుడు."

తుడిచాను.
నాలుగైదు వెంట్రుకలు కలిపి పట్టుకున్నంత సందు.
దానికోసం ఇన్ని వీధులు.
తుడిచి, కొలిచి, మళ్ళీ తుడిచాను.

తొమ్మిదో కిక్కుకి
ఎదురింటి కిటికీ ధడాలున మూసుకుంది.
పొగ తగ్గాక, అది ఇంకా మోగుతూనే ఉందని
నాకు ఆలస్యంగా తెలిసింది.

జ్ఞానాపురం తీసుకెళ్ళాను, ఆవిడకి వినిపిద్దామని.
చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.
బాగుందనలేదు. ఏడవలేదు.
"ఐడిలింగు ఎక్కువైంది. ఓ పావు తిప్పు" అంది.
"ఎటు తిప్పాలమ్మా?"
"నాకేటి తెలుసు? బొక్కు నీ కాడే ఉంది కదా."

రోడ్డు పక్కనే కూర్చుని ఆ పుట తీశాను.
వేలిముద్ర లేదు, పెన్సిల్ గీత లేదు.
పక్కన తెల్లటి ఖాళీ.
పెన్సిల్ కోసం జేబులు తడుముకున్నాను.
స్క్రూడ్రైవరే దొరికింది.