ఇరవై తెత్రీల బాకీ

మూడు శనివారాలు తిరిగాను తిబిలిసీ అంతా.
కోటు జేబులో మడిచిన కాగితం
చెమటకి మెత్తబడి గుడ్డపేలికైంది.
ఒక పక్క పేటల పేర్లు,
ఇంకో పక్క నా నెల భృతి,
దాని కింద తీసివేతలు.

ముందు సోలోలాకి.
చెక్క బాల్కనీలు, వాటిని పట్టుకు వేలాడే ద్రాక్షతీగ,
ఆరు కుటుంబాలకి ఒకే వాకిలి, ఒకే కుళాయి,
ఎవరిదో తేలని ఒక పిల్లి.
"ఈ గదిలో నిద్ర పట్టకపోతే
ఇంకెక్కడా పట్టదమ్మాయ్" అంది మార్గో గారు.
నా చూపు గోడ మీదే ఉంది.
కిటికీ మూల నుంచి కప్పుదాకా
మెట్టు మెట్టుగా ఎక్కిన బీట.
నేను చదివేది భూకంపాలు.
ఆవిడకి అది పాత ఇంటి ముడత,
నాకు అదొక తేదీ.
చిటికెన వేలు పెట్టి చూశాను, గోరు దూరింది.
ఆవిడ గబగబా వెళ్ళి
పోయినేటి క్యాలెండరు తెచ్చి దాని మీద తగిలించింది.
పెట్టిన అక్రోటు మురబ్బా తిన్నాను.
మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది,
అంత అందమైన వాకిలి.

వాకెకి వెళ్ళనే లేదు.
ఫోనులో అంకె వినగానే "ఆలోచించి చెబుతా" అన్నాను.
ఆలోచించడానికి ఏముంది,
ఆశ చారెడు, అద్దె బారెడు.

అవ్లాబరిలో ఇంటాయన షరతులు పదకొండు.
పదకొండోది: నవ్వు గోడ దాటకూడదు.

సబుర్తాలోలో విశ్వవిద్యాలయం కూతవేటు దూరం.
గది అంటే గది కాదు, అద్దాలు బిగించిన బాల్కనీ.
తల అక్కడ పెట్టి పడుకుంటే
పాదాలు వంటింట్లో ఉంటాయి,
నలుగురు వైద్య విద్యార్థుల ఉల్లిపాయల మధ్య.

ప్రొఫెసరు బడి పక్కనే ఉండమన్నారు.
ఖాతూన రొట్టెల బట్టీ వాసన వచ్చే వీధి చూసుకోమంది.
ఎవరిని అడిగినా
నా వయసులో తమకి దొరకని పేటనే
వేలెత్తి చూపించారు.

చివరికి గ్ల్దానీ, మెట్రో ఆఖరి స్టేషను.
బయటికి రాగానే గాలి నా టోపీ ఎత్తుకుపోయింది,
ఎవరో కుర్రాడు పరుగెత్తి తెచ్చిచ్చాడు.
అన్నీ ఒకేలాంటి మేడలు,
పేర్లు లేవు, అంకెలే.
లిఫ్టు లోపల చిన్న ఇనప డబ్బా:
నాణెం వేస్తేనే కదులుతుంది.
నా దగ్గర నోటు తప్ప చిల్లర లేదు.
బంగాళదుంపల సంచీతో ఒక పెద్దాయన ఎక్కాడు.
నాణెం వేసి, ఏడో అంతస్తులో దిగుతూ
నన్నూ నోటునీ చూసి, ఇంకో నాణెం వేశాడు.
"రేపివ్వు" అన్నాడు.
రేపు! నేనింకా గదే చూడలేదు.

పన్నెండో అంతస్తు.
గోడకాగితం మీద ఎండిన గుడ్డుసొన రంగు పొద్దుతిరుగుడు పూలు.
కుళాయి ముందు దగ్గి, తర్వాత నీళ్ళిచ్చింది.
గ్యాసు వాసన కొంచెం,
కాదంటే కాదనుకోవచ్చు.
పలకల అతుకులన్నీ వేలితో తడిమాను.
కిటికీలోంచి ఊరు కనబడదు,
ఊరికి వీపు తిప్పిన బోడికొండలు కనబడతాయి.
బడికి నలభై నిమిషాలు, మధ్యలో ఒక బండి మారాలి,
నిలబడి చదువుకోవచ్చు, సీటు దొరికితే కునుకు.
కాగితం తీసి కూడికలు మళ్ళీ చేశాను.
ఏ లెక్కలోనూ గ్ల్దానీ గెలవలేదు.
ఇంటావిడ కోడలు తాళాలు ఆడిస్తూ
"ఏమంటారు?" అంది.
"ఇక్కడ ఒకరికి బాకీ ఉన్నాను" అన్నాను.
ఆమెకి అర్థం కాలేదు, నాకూ పూర్తిగా కాలేదు.

మర్నాడు పరుపు మోసుకొచ్చి
ముందు ఏడులో దిగాను, పిడికిట్లో ఇరవై తెత్రీలు.
నాలుగు తలుపులు, నాలుగూ గోధుమరంగే.
ఆయన పేరు అడగలేదు.
పరుపు గోడకి ఆనించి
మొదటిది తట్టాను.