అద్దె సూర్యుడు

ఆరు రోజుల సినిమా కోర్సు.
నేను నేర్చుకోవడానికి వెళ్ళలేదు, మోయడానికి వెళ్ళాను.
మెడలో వేసిన కార్డు మీద నా పేరులో ఒక అక్షరం తప్పు.
దిద్దమని అడగలేదు.
ఆరు రోజుల మనిషికి అది చాలు.

రాత్రంతా వార్దో వీధుల్లో
మంచు తోసే బండి నడుపుతాను.
పగలు,
అంటే గడియారం పగలని చెప్పే చీకట్లో,
మూతపడ్డ చేపల ఫ్యాక్టరీలో కాఫీ కాచి
ఓస్లో నుంచి వచ్చినవాళ్ళు
ఏది అడిగితే అది వెతికి తెస్తాను.
నవంబరు చివర వెళ్ళిన సూర్యుడు
జనవరి దాకా ఇటు తొంగిచూడడు.
వాళ్ళు మాటిమాటికీ కిటికీ వైపు చూస్తారు.
మేం చూడం.

లైట్ల పెద్ద ఎయిలిఫ్
మొదటి రోజే నా చేతిలోంచి కేబుల్ లాక్కున్నాడు.
మోచేతికి చుట్టకూడదట.
"తీగకు జ్ఞాపకం ఉంటుంది,
మెలిపెడితే మరిచిపోదు."
ఒక చుట్ట పైనుంచి, ఒక చుట్ట లోపలినుంచి.
నాన్న పడవ మీద
నలభై ఏళ్ళ కిందట తాడు పట్టిన చేతులివి.
ముందు సిగ్గేసింది, తర్వాత ఒళ్ళు మండింది.
మూడో రోజు విసిరితే
చిక్కు పడకుండా నేల మీద సర్రున సాగింది.
ఎయిలిఫ్ మెచ్చుకోలేదు,
ఇంకో కేబుల్ ఇచ్చాడు.
అదే మెప్పని రావ్‌ద్నా నా చెవిలో చెప్పింది.

సౌండు చూసే సిన్నెవె
అర నిమిషం ఎవర్నీ కదలొద్దంది.
గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలట.
ఏ రెండు గదుల నిశ్శబ్దమూ ఒకటి కాదట.
ఇరవై ఏడో సెకనులో
నా మోకాలు టక్కుమంది.
"మళ్ళీ," అంది, నా వైపు చూడకుండా.

నాలుగో రోజు
రావ్‌ద్నా కథకు ఒక ఉదయం కావలసొచ్చింది.
పిల్ల రొట్టె కోస్తుంటే
వంటింటి బల్ల మీద ఎండ పడాలి.
"ఇక్కడ ఎండెక్కడిది?" అన్నాను.
"వ్యానులో ఉంది," అన్నాడు ఎయిలిఫ్.

కిటికీ బయట స్టాండు నిలబెట్టాం.
ఇసుక సంచులు చాలక
గాలికి ఊగకుండా నేను దాన్ని కౌగిలించుకున్నాను.
దీపం మూతికి తేనెరంగు కాగితం కట్టి
స్విచ్ వేశాడు.

పట్టపగలు పదకొండింటికి
మా వీధిలో తెల్లారింది.
మంచు మీద నా నీడ చూసుకున్నాను.
వీధిదీపాల కింద నాలుగు ముక్కలయ్యే నీడ కాదు,
ఒక్కటే,
పొడుగ్గా, కత్తితో కోసినట్టు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది.
తొంభై ఒకటో ఏట ఉన్న టూర్‌బ్యోర్గ్,
ఇంటి చెప్పులతో, చనిపోయిన మొగుడి కోటుతో,
తిన్నగా వచ్చి వెలుగుకు అడ్డంగా నిలబడింది.
కళ్ళు మూసుకుని మొహం పైకెత్తింది.
లోపల బల్ల మీద
ఎండకు బదులు ముసలమ్మ.
"కట్!"
తిట్టడానికి బయటికొచ్చిన కెమెరా హెడ్విగ్
గడపలోనే ఆగిపోయింది.

గంటకింత అని అద్దె దీపం.
జనరేటరు డీజిలు తాగుతోంది.
ఎయిలిఫ్ వేలు స్విచ్ మీదే ఉంది.
వాచీ చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు.
ఆర్పలేదు.

కాసేపటికి ఆమే కళ్ళు తెరిచింది.
"బాగానే ఉంది గానీ
వెచ్చదనం లేదు," అని
చెప్పులకంటిన మంచు దులుపుకుని
లోపలికెళ్ళి తలుపేసుకుంది.
ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత ఎయిలిఫ్ ఆ తేనె కాగితం మీద
ఇంకో కాగితం చేర్చాడు.

ఏడు నిమిషాల సినిమాలో
ఆ ఉదయం పదకొండు సెకన్లు.
చివర్లో నా పేరు వచ్చింది, అదే తప్పుతో.
మోకాలి చప్పుడు లేదు, శ్రద్ధగా విన్నాను.

జనవరిలో అసలువాడు వచ్చాడు.
కొండ మీద ఊరంతా నిలబడి చూశాం.
సముద్రం అంచున అంగుళం పైకి లేచి,
పాలిపోయి,
ఏమంత గొప్పగా లేడు.
పిల్లలు కేకలు వేస్తుంటే
నాకెందుకో
కాస్త ఎడమకు జరగమని చెప్పాలనిపించింది.