చెక్ ట్రే

ఇసకపల్లి గుంటల మీద
మేతని మేం ఫీడనే అంటాం.
ఫోన్లో నీ సీరియల్ వచ్చి పడే చోటిక్కూడా
అదే పేరని మీరావలి చెప్తే
నవ్వొచ్చింది.

రొయ్యకి రోజుకి నాలుగు పూటలు.
నాకు వారానికొకటి, బేస్తవారం రాత్రి,
ఏరియేటర్లు నీళ్లు చిలకతా ఉంటే
కాపలా గుడిసెలో, దోమల పొగలో
పెదాలు కదుపుకుంటా చదువుకుంటా.

పోయిన నెల
పెంచలమ్మని బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద
తడిసిన సంచితో నిలబెట్టి
సశేషం అన్నావు.
అంతే.
మూడు బేస్తవారాలు
తెరని వేలితో కిందికి లాగి వదిలా.
చక్రం తిరిగింది, ఆగింది.

మాకైతే చెక్ ట్రే ఉంటుందయ్యా.
తాడు పట్టి లాగితే
తిన్నదెంతో మిగిలిందెంతో తెలిసిపోద్ది.
మిగిలితే మరుపూట తగ్గిస్తాం,
అసలు ముట్టకపోతే ఆపేస్తాం.
నీకా తాడు ఎవరూ ఇచ్చినట్టు లేదు.
చీకట్లోకి చల్లతావు,
నీళ్లు కదలవు,
కింద ఎవరూ లేరనుకుంటావు.

ఉన్నాం.
నేను, మీరావలి,
ఐసు ఆటో తోలే సుగుణరావు,
వాడు చెప్పగా వినే వాళ్లావిడ.
ట్రేలో గింజ మిగల్లేదు.

ఆ పిల్ల ఇంకా రైలెక్కలేదు.
అక్కడ వాన పడతానే ఉంది.